మండపేట శాంపిల్

పోయిన వారం డాక్టర్ తేజస్విని గోడౌన్ గేటు ముందు ఎండలో నిలబెట్టి వదిలేశాం. చేతిలో ఉన్న తాళంచెవి తాళంలో దూరడం లేదు. తాళం ఆ తాళం కాదు మరి. రాత్రికి రాత్రి కొత్తది వేసేశారు. వేసింది ఎవరో అని మీరు బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. నెల కిందట శాలువా కప్పించుకుని, మైకు పట్టుకుని, "మా బుజ్జమ్మ పేరు నిలబడితే అదే చాలండి" అంటూ కళ్లొత్తుకుని, ఆ గోడౌన్‌ని యువజన ఆరోగ్య పరిశోధన కేంద్రానికి ధారపోసిన కాశీవిశ్వనాథం గారే. బుజ్జమ్మ ఆయన స్వర్గస్థురాలైన భార్య. ఆవిడ పేరుతో రాయించిన బోర్డు ఆ గేటు పక్కనే గోడకి ఆనించి ఉంది, ఇంకా పైకెక్కలేదు.

శనివారం ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. వాళ్లకి బిల్డింగు చూపించాలి. చూపించలేకపోతే కేంద్రం ఇంకో రాష్ట్రానికి వెళ్లిపోతుంది, తేజస్వి నాలుగేళ్ల తిరుగుడు గాలిలో కలిసిపోతుంది. ఇవాళ గురువారం. రాస్తున్న నాకే ఒళ్లు మండుతోంది, ఆ పిల్లకి మండదూ! చెప్పులు టకటకలాడించుకుంటూ నేరుగా మండపేట మెయిన్ రోడ్డు మీదున్న ఆయన బియ్యం కొట్టుకి వెళ్లింది.

ఇక్కడ కాశీవిశ్వనాథం గారి గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయనకి కోపం వస్తే గొంతు పెరగదు, మర్యాద పెరుగుతుంది. మనసు బాగున్నప్పుడు "అమ్మా" అంటారు. చిరాకు పడితే "డాక్టరు గారూ" అంటారు. బాగా మండితే మాట మాటకీ ఒక "అండి" తగిలిస్తారు. ఈ సంగతి తెలియని బయటివాళ్లు ఎంత మంచి మనిషో అనుకుని వెళ్లిపోతుంటారు.

"రండి డాక్టరు గారూ, దయచేయండి. ఎండన పడి వచ్చారండి. మజ్జిగ పుచ్చుకుంటారాండీ?"

"తాళం ఎందుకు మార్చారండీ?" అంది తేజస్వి, కూర్చోకుండానే.

"తాళమాండీ? పాతదండి. తుప్పు పట్టిందండి. ఆడకూతురు, తిప్పలేక అవస్థ పడతారని మార్పించామండి."

"అయితే కొత్త తాళంచెవి ఇప్పించండి."

"ఇస్తామండి, దానికేం భాగ్యమండి. ముందు మాట్లాడుకోవాల్సినవి మాట్లాడుకుందామండి."

పక్క కుర్చీలో చంద్రరావు ఉన్నాడు. రైస్ మిల్లు ఓనరు, మిల్లర్ల సంఘంలో ముందు లేచే గొంతు. కాశీవిశ్వనాథం గారికి వరసకి బావమరిది. ఈయనకి మర్యాదతో పని లేదు.

"మాట్లాడ్డానికేముంది బావగారూ! మన పిల్లల రక్తం శాంపిల్ తీస్తారంట. అవునో కాదో చెప్పమనండి, తేలిపోతుంది."

తేజస్వి చంద్రరావు వైపు తిరిగింది. ఈ మాటలు ఈ ఊళ్లో ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో ఆవిడకే తెలియదు. "అవునండి. పదిహేనేళ్ల వాళ్ల నుంచి పాతికేళ్ల వాళ్ల దాకా, ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఏటేటా చూస్తాం. బీపీ, షుగరు, రక్తహీనత, నిద్ర, మనసులో దిగులు. జబ్బు ముదిరాక పరిగెత్తడం కాకుండా, ఎక్కడ మొదలవుతోందో ముందే పట్టుకోవాలని. దానికి శాంపిల్ తియ్యక తప్పదండి."

ఏ ఊళ్లో ఏ మాట వాడకూడదో మెడికల్ కాలేజీలో చెప్పరు. ఇంకెక్కడైనా శాంపిల్ అంటే ల్యాబులో చిన్న గాజు సీసా గుర్తొస్తుంది. మండపేటలో శాంపిల్ అంటే బస్తాలోంచి తీసిన గుప్పెడు బియ్యం. ఆ గుప్పెట్లో ఏముందో దాన్ని బట్టే లారీ కదులుతుంది, లేదా వెనక్కి తిరుగుతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ గుప్పెడికి భయపడుతూ బతికిన మనుషుల ముందు నిలబడి, మీ పిల్లల శాంపిల్ తీస్తానని మూడు నెలలుగా ఊరంతా తిరిగి చెప్పిందండీ మా డాక్టరమ్మ. మైకులో కూడా చెప్పింది.

కాశీవిశ్వనాథం గారు నెమ్మదిగా లేచారు. గోడకి తగిలించిన ఇనుప గొట్టం తీశారు. చివర కోసుగా ఉండి, పొడుగునా చీలిక ఉన్న ఆ గొట్టాన్ని పక్కనే ఉన్న బస్తాలో గుచ్చి లాగారు. గింజలు జరజరా ఆయన అరచేతిలోకి జారాయి. వాటిని వెలుతురు వైపు పట్టి, గోటితో ఒక గింజని పక్కకి జరిపారు.

"ఇదేంటో చెప్పండి డాక్టరు గారూ."

"రంగు మారిన గింజ."

"ఆయ్. ఇది కనపడితే కొనేవాడు ఏం చేస్తాడో తెలుసాండీ? ఈ గింజ తీసెయ్యమనడండి. ఈ బస్తా దింపెయ్యమనడండి. లారీ మొత్తం తిప్పి పంపేస్తాడండి. మళ్లీ పంట దాకా ఆ మిల్లు సరుకు అంటేనే మొహం తిప్పేసుకుంటాడండి."

"పిల్లలు బియ్యం కాదండీ. ఎవరి పేరూ బయటికి రాదు. పేరు బదులు నంబరు ఉంటుంది."

"బస్తా మీద కూడా రైతు పేరుండదండి. మిల్లు పేరుంటుంది. మీరు రేపు ఇంగ్లీషు పత్రికల్లో రాసేటప్పుడు ఏ ఊరి పిల్లలని రాస్తారండీ?"

కమిటీకి పంపిన ప్రాజెక్టు పేరులోనే మండపేట ఉంది. తేజస్వే టైపు చేసింది, గర్వంగా, పెద్ద అక్షరాల్లో. నేను ఆయన పక్షం కాదు, ఆయన మర్యాదంటే నాకు చచ్చేంత చిరాకు. కానీ ఆ ప్రశ్న గట్టి ప్రశ్న. దానికి జవాబు ఇంతవరకు ఆ ప్రాజెక్టులో ఎవరూ ఆలోచించలేదు.

"పేరు తీసేస్తానండి," అంది చివరికి. "గోదావరి డెల్టాలో ఒక పట్నం అని రాస్తాం. మీరు ముందే అడిగి ఉంటే అప్పుడే తీసేసేదాన్ని. ఇందుకోసం తాళాలు మార్చాలా?"

"ఆహా, ఎంత తేలిగ్గా చెప్పేసిందండీ!" చంద్రరావు కుర్చీ చేతుల మీద చరిచాడు. "రేపు మన పిల్లకి సంబంధం చూడ్డానికొచ్చినవాళ్లు ఏమంటారు? ఓహో, రక్తాలు తీసే సెంటరున్న ఊరా, ఆ పిల్లకి ఏం తేలిందేంటి అంటారు. అయినా రేవులో చేపలమ్ముకునే వాళ్లకి ఊరి పరువంటే ఏం తెలుస్తుందిలెండి!"

కొట్టు బయట బస్తాలెత్తుతున్న ముఠా కూలీలు కూడా ఒక్క క్షణం ఆగిపోయారు. కాశీవిశ్వనాథం గారు చంద్రరావుని వారించలేదు. అరచేతిలో గింజలు చూసుకుంటున్నారు. అది చూసి నాకు ఇంకా మండింది.

తేజస్వి ఒక అడుగు ముందుకేసింది. "మా అమ్మ తలుపులమ్మ కాకినాడలో గంప పెట్టుకుని చేపలమ్మి నన్ను డాక్టర్ని చేసింది. దాచుకోవాల్సిన సంగతి కాదు, నేనే అందరికీ చెబుతుంటాను. మా అమ్మ మీరు అడక్కపోయినా చేప మొప్ప ఎత్తి చూపించేది. ఎర్రగా ఉంటేనే తీసుకోమనేది. నల్లబడితే తనే గంపలోంచి తీసి పక్కన పడేసేది. మీరు శాంపిల్ అంటే భయపడే వాళ్లు. మా అమ్మ భయపడలేదండి. సరుకు చూపించనన్న కొట్టు ముందు నిలబడి పరువు గురించి వినడం నాకు కొత్తగా ఉంది."

"విన్నారా బావగారూ! మన కొట్లోకొచ్చి మనల్నే..." చంద్రరావు లేచి నిలబడ్డాడు. "సంఘం తరఫున ఊళ్లో కాలేజీకి కబురు పెడుతున్నాను. మన పిల్లల్లో ఒక్కడు కూడా మీ గుమ్మం తొక్కడు. కమిటీ వస్తే ఖాళీ గోడలు చూపించుకోండి!"

"చంద్రరావు గారూ," అన్నారు కాశీవిశ్వనాథం గారు, "మీ లారీ కాటా దగ్గర ఆగిపోయినట్టుందండి. ఒకసారి చూసుకోండి."

చంద్రరావు బావగారి వైపు అయోమయంగా చూశాడు. లారీ ఏదీ ఆగలేదని ఇద్దరికీ తెలుసు. గొణుక్కుంటూ చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. కాశీవిశ్వనాథం గారు గుమాస్తాని కూడా టీకి పంపించి, గింజలు బస్తాలో పోసేసి, వీధి తలుపు ఒక రెక్క దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నారు.

"పోయిన వారం మా సుమంత్ మోచేతికి ప్లాస్టరెందుకుందమ్మా?"

అండీ లేదు, గారూ లేదు. తేజస్వికి అప్పుడు నిజంగా భయమేసింది.

సుమంత్ ఆయన మనవడు. పందొమ్మిదేళ్లు. కొడుకు పోయాక ఆయన గుండెల మీద పెరిగిన ఒక్కగానొక్క పిల్లాడు. కేంద్రం ఇంకా తెరవకపోయినా, పోయిన వారం కాలేజీ వరండాలో ట్రయల్‌గా కొందరికి పరీక్షలు చేశారు. సుమంత్ తనంతట తనే వచ్చి, సంతకం పెట్టి, చెయ్యి చాచాడు. ఈమధ్య కాళ్లు వాస్తున్నాయి మేడమ్, తాతయ్య గ్యాస్ అంటారు, నాకు నమ్మకం లేదు, అన్నాడు నవ్వుతూ. నిన్న రిపోర్టు వచ్చింది. తేజస్వి దాన్ని రెండోసారి చేయించింది, మళ్లీ అదే వచ్చింది. సాయంత్రం వచ్చి కలవమని ఆ పిల్లాడికి మెసేజ్ పెట్టి, ఎలా చెప్పాలా అని పొద్దున్నించి లోపల్లోపల నలుగుతోంది.

"ఎవరి రక్తం గురించీ ఎవరితోనూ మాట్లాడనండి. మీతో అయినా సరే," అంది.

"మాట్లాడక్కర్లేదు. కిడ్నీలు."

తేజస్వి కుర్చీలో కూలబడింది.

"పోయిన వేసవిలో హైదరాబాద్ తీసుకెళ్లాను. వాణ్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి డాక్టరు నాకొక్కడికే చెప్పాడు, నేనే అలా చెప్పమన్నాను. బయటికొచ్చేసరికి వాడు ఫోన్లో ఏదో చూసుకుని పగలబడి నవ్వుతున్నాడు. తాతయ్యా, ఏమన్నారు అన్నాడు. గ్యాస్ అన్నాను." ఆయన పంచె అంచు సవరించుకున్నారు. "వాడి అమ్మ ఆశాజ్యోతికి కూడా తెలీదు. మొగుణ్ని పోగొట్టుకున్న పిల్లకి ఏమని చెప్పను?"

"మందులు? హైదరాబాద్ వాళ్లు రాసినవి వాడుతున్నాడా?"

"మందులు మొదలుపెడితే వాడికి తెలిసిపోదూ? రామచంద్రపురం అవతల ఒకాయన పసరు పోస్తాడు. గురువారం గురువారం వాడే వెళ్లి సీసాతో తెచ్చుకుంటాడు. గ్యాస్‌కి అని చెప్పాను."

"ఏ ఆకు పసరండీ?"

"చెబితే పని చెయ్యదన్నాడు."

రిపోర్టులో అంకె అంత ఘోరంగా ఎందుకుందో తేజస్వికి అప్పుడు అర్థమైంది. ఒక ఏడాది పాటు, ప్రతి వారం, ప్రేమగా, ఈ పెద్దమనిషి ఆ కిడ్నీల మీద ఏం పోయించాడో ఆ దేవుడికే తెలియాలి. ఆవిడకి ఏడుపొచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది.

"మరి గోడౌన్ ఎందుకిచ్చారు? అంతా దాచుకునేవాళ్లు మమ్మల్ని ఊళ్లోకి ఎందుకు రానిచ్చారు?"

"పరిశోధన అన్నారు కదమ్మా!" ఆయన గొంతు మొదటిసారి పైకి లేచింది. "పరిశోధన అంటే మందు కనిపెడతారనుకున్నాను. మా బుజ్జమ్మ పేరు, ఊరి మేలు, అవన్నీ మైకు ముందు మాటలు. నా గోడౌన్లోనే పెద్ద పెద్ద డాక్టర్లు కూర్చుంటే ఎవరికీ తెలియకుండా నా పిల్లాడికి దారి దొరుకుతుందనుకున్నాను. తీరా కాలేజీలో నువ్వేం చెప్పావు? పదేళ్లు చూస్తామన్నావు. చూడ్డమేంటి? నా మనవడు నా కళ్లముందు పోతుంటే నువ్వు పక్కన కూర్చుని రాసుకుంటావా? అందుకా నేను గోడౌనిచ్చింది?"

"పోడు. మందులు మొదలుపెట్టి ఆ పసరు మాన్పిస్తే చాలా ఏళ్లు కాపాడొచ్చు. ఇవాళ మొదలుపెట్టినా కాపాడొచ్చు. పోయిన ఏడాదే మొదలుపెట్టి ఉంటే ఇంకా బాగుండేది." తేజస్వి ఆగలేకపోయింది. "ఆ ఏడాదిని పోగొట్టింది జబ్బు కాదండీ, మీరే."

ఆయన దెబ్బ తిన్నట్టు వెనక్కి వాలారు. తర్వాత ఆయన చొక్కా జేబులోంచి కొత్త తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు.

"తీసుకో. కమిటీకి దగ్గరుండి నేనే చూపిస్తాను. చంద్రరావుని నేను చూసుకుంటాను, కాలేజీ పిల్లలందర్నీ నేనే పంపిస్తాను. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. సుమంత్‌కి అంతా బాగుందని చెప్పు. మిగతాది నాకు వదిలెయ్."

ఒప్పుకుందామన్న ఆలోచన ఆవిడకి రాలేదు అని నేను రాస్తే మీరు నమ్మొద్దు. వచ్చింది. గోడౌన్ తెరుచుకుంటే ఇలాంటి పిల్లలు ఎంతమందో వెలుగులోకి వస్తారు. కడియం నర్సరీల్లో మొక్కలు మోసే పిల్లలు, మిల్లుల్లో తౌడు పీల్చే పిల్లలు, చదువు ఒత్తిడికి నిద్రపోని పిల్లలు. వాళ్లందరి కోసం ఒక్కడికి ఒక్క అబద్ధం. మందులు వేరే పేరు చెప్పి ఇప్పించవచ్చు కూడా. నాలుగేళ్లు కష్టపడిన మనిషి చెయ్యి తనకి తెలియకుండానే బల్ల మీద కొంత దూరం జరిగింది.

అంతలోనే ఆ చేతిని వెనక్కి లాక్కుంది.

"వాడికి పందొమ్మిదేళ్లండీ. నన్ను నమ్మి చెయ్యి చాచాడు. వాడి ఒంట్లో ఏముందో వాడికి చెప్పడానికి నాకు మీ అనుమతి అక్కర్లేదు."

"అలాగాండీ," అన్నారు కాశీవిశ్వనాథం గారు, చాలా మెల్లగా. "అయితే వినండి డాక్టరు గారూ. మీరు చెప్పిన మర్నాడు మీ బోర్డు కాలవలో ఉంటుందండి. ఈ ఊళ్లో మీకు ఇల్లు అద్దెకిచ్చేవాడు ఉండడండి. మీరు పిల్లాడికి ఇంజెక్షను వికటించేలా చేశారని నేనే చెబుతానండి. ఎవరి మాట నమ్ముతారో మీరే ఊహించుకోండి. కాకినాడ వెళ్లి మీ అమ్మగారి గంప సర్దుకోవచ్చండి."

తేజస్వి బ్యాగు భుజానికి తగిలించుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లేసరికి బయట స్కూటర్ ఆగిన చప్పుడైంది. మూసిన తలుపు రెక్క తోసుకుని సుమంత్ లోపలికొచ్చాడు. చేతిలో న్యూస్‌పేపర్ చుట్టిన సీసా.

"తాతయ్యా, ఇవాళ పసరు మరీ పచ్చగా ఉంది, నేను తాగనంటే తాగను..." అంటూ ఆగిపోయి, నవ్వాడు. మొహం ఉబ్బి ఉంది, నవ్వితే కళ్లు సగం మూసుకుపోతున్నాయి. "మేడమ్! మీరిక్కడున్నారేంటి? సాయంత్రం నేనే వద్దామనుకుంటున్నాను. రిజల్ట్ వచ్చేసిందా?"

తేజస్వి నోరు తెరిచేలోపే వెనకనుంచి కాశీవిశ్వనాథం గారి గొంతు గలగలా వినిపించింది.

"వచ్చేసిందిరా నాన్నా! ఆ మాట చెప్పడానికే పాపం ఎండలో పడి వచ్చింది డాక్టరమ్మ. అంతా బాగుందట. దివ్యంగా ఉందట!"

పిల్లాడి మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్లుగా లోపల ఏం మోస్తున్నాడో గానీ, ఒక్కసారిగా భుజాలు దిగాయి. సీసా బల్ల మీద పెట్టి, గట్టిగా ఊపిరి వదిలాడు.

"నిజంగానా మేడమ్? నాకేం లేదా?"

ఏమీ అనకపోతే సరిపోతుంది. నవ్వి తలూపినా అక్కర్లేదు, ఊరికే గుమ్మం దిగి వెళ్లిపోతే చాలు. తేజస్వి బ్యాగు కింద పెట్టింది. సీసా తీసుకుని, పిల్లాడికి అందకుండా తన వెనక పెట్టుకుంది.

"కాదు సుమంత్. అలా కూర్చో."

"వద్దు తల్లీ!" కాశీవిశ్వనాథం గారు బల్ల పట్టుకుని లేచారు. ఆయన అరిచిన అరుపుకి బయట కూలీలు తొంగి చూశారు. "వద్దమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను. వాడికి చెప్పొద్దు!"

సుమంత్ కూర్చోలేదు. డాక్టరమ్మ వైపు చూడలేదు, ఏమైంది మేడమ్ అని అడగలేదు. నవ్వు అలాగే సగంలో ఆగిపోయిన మొహంతో తాతగారి వైపు తిరిగాడు.

"తాతయ్యా, నీకు ముందే తెలుసా?"